ఆగీ ఆగని వేగంలో ఆటోమేటిక్ కారు తడబాటు: ఏ గేర్‌బాక్స్ ఎవరికి నయం?

జంక్షన్ దగ్గరికొచ్చారు. బ్రేకు నొక్కి వేగం పది కిలోమీటర్లకు దించారు, ఇంకో క్షణంలో బండి ఆగేదే. ఇంతలో దారి ఖాళీ అయింది. బ్రేకు వదిలి యాక్సిలరేటర్ నొక్కారు. స్పందన లేదు. ఇంకాస్త నొక్కారు. అప్పుడు ఒక్కసారిగా ముందుకు దూకింది, మీరు అడిగినదానికంటే ఎక్కువగానే.

అదే కారు పూర్తిగా ఆగి బయల్దేరితే బుద్ధిగా కదులుతుంది, ఎందుకంటే అప్పటికి గేరు సిద్ధంగా ఉంటుంది. చిక్కంతా ఆగీ ఆగని స్థితిలోనే, సుమారు 5 నుంచి 15 కి.మీ. వేగం మధ్య. బ్రోచర్‌లో వేసే 0–100 సమయం దీని గురించి ఒక్క ముక్క చెప్పదు. ఆరు సెకన్లలో వంద అందుకునే కారు కూడా ఇక్కడ సెకనుసేపు నీళ్లు నమలొచ్చు. అందుకే రోజూ ట్రాఫిక్‌లో నడిపేవాళ్లు ఆటోమేటిక్‌ని ముందు ఈ పది కిలోమీటర్ల ఇరుకులో చూడాలి. గేర్ల సంఖ్య, హార్స్‌పవర్ ఆ తర్వాతి మాట.

## ఆలస్యం ఎక్కడ పుడుతుంది

ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్‌కి కేబుల్ ఉండదు. పెడల్ దగ్గర సెన్సర్లు ఉంటాయి (ఒకటి తప్పు చెబితే పట్టుకోవడానికి రెండు). అవి మీ కాలు ఎంత నొక్కిందో ఇంజన్ కంప్యూటర్‌కి చెబుతాయి. అది ఎంత టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇవ్వాలో లెక్కగట్టి, గేర్‌బాక్స్ కంప్యూటర్‌ని సంప్రదించి, ఆ తర్వాతే ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ తెరుస్తుంది. ఈ సంప్రదింపుకు పట్టే సమయం తక్కువే. అసలు సమయం తినేది గేర్‌బాక్స్ లోపలి పని.

వేగం తగ్గుతుంటే గేర్‌బాక్స్ నాలుగు, మూడు, రెండు అని మెట్లు దిగుతూ ఉంటుంది. సరిగ్గా రెండు మెట్ల మధ్య ఉన్నప్పుడు మీరు మనసు మార్చుకున్నారనుకోండి. అది మొదలుపెట్టిన మార్పును పూర్తి చేయాలి, లేదా సగంలో వదిలేసి కొత్త గేరు వెతుక్కోవాలి. అంతసేపూ ఇంజన్ శక్తిని ఆపి ఉంచుతుంది, లేకపోతే క్లచ్‌లు కాలిపోతాయి.

ఇంకో కారణం అన్ని కార్లకూ ఉమ్మడిది. వేగం తగ్గేటప్పుడు గేరు పళ్లు ఒక వైపు ఆని ఉంటాయి, శక్తి అందగానే రెండో వైపు ఆనాలి. ఆ మధ్యనున్న సందును వేగంగా దాటితే కింద 'ఠంగ్' మని మోగుతుంది. ఆ శబ్దం, కుదుపు రాకూడదని కంప్యూటర్ ఆ కాస్త దూరం టార్క్‌ని మెల్లగా పెంచుతుంది. ఎలక్ట్రిక్ కార్లలో కూడా ఇది ఉంటుంది.

మీ బండిలో ఆలస్యం ఏ రకమో ఇంజన్ వేగం చూపే ఆర్‌పీఎం ముల్లే చెబుతుంది:

- నొక్కినా ముల్లు కదలకపోతే: థ్రాటిల్, పెడల్ సెట్టింగ్, స్టార్ట్-స్టాప్ (బండి ఆగితే ఇంజన్ దానంతటదే ఆరిపోయే ఏర్పాటు), లేదా కంప్యూటరే కావాలని ఆపడం.
- ముల్లు లేచినా బండి కదలకపోతే: క్లచ్ ఇంకా పట్టలేదు, లేదా గేరు పడలేదు.
- ముల్లు లేచింది, బండీ కదిలింది, కానీ లాగట్లేదంటే: టర్బో ఇంకా ఊపందుకోలేదు, లేదా ఎక్కువ గేరులో చిక్కుకుంది.

ఈ మూడింటిని కలిపేసి 'పికప్ లేదు' అనేస్తే కొనేటప్పుడూ పొరపడతాం, వర్క్‌షాప్‌లోనూ మన మాట అర్థం కాదు.

## దేన్ని బట్టి పోల్చాలి

మొదటిది, పది కిలోమీటర్ల వేగంలో కాలు మార్చాక బండి నిజంగా లాగడానికి పట్టే సమయం. మూడో వంతు సెకను లోపైతే ఎవరికీ తెలియదు. అర సెకను దాటితే తెలుస్తుంది. సెకను దాటితే ఎదురుగా వచ్చే బండి ముందు నుంచి తిరిగేటప్పుడు అది ప్రమాదమే.

రెండోది నిలకడ. ఎప్పుడూ అర సెకను ఆలస్యమయ్యే బండికి కాలు అలవాటు పడుతుంది. ఒకసారి వెంటనే, ఇంకోసారి సెకను తర్వాత స్పందించే బండికి ఎన్నేళ్లు నడిపినా అలవాటు పడదు. ఈ రెండింట్లో ఒకటే దొరుకుతుందంటే నిలకడనే తీసుకోవాలి.

మూడోది, యాక్సిలరేటర్ తాకకుండా బ్రేకు మీదే బండిని అంగుళం అంగుళం పాకించగలగడం. నాలుగోది ఎండలో, ఎత్తులో, గంటసేపు ట్రాఫిక్‌లో వేడిని తట్టుకోవడం. ఐదోది వయసు మీద పడ్డాక స్పందన ఎంత మారుతుందన్నది. కొత్త బండి టెస్ట్ డ్రైవ్‌లో తేలనిది ఈ చివరిదే.

| రకం | 10 కి.మీ. దగ్గర తిరిగి అందుకోవడం | నిలకడ | పాకడం | వేడి |
|---|---|---|---|---|
| టార్క్ కన్వర్టర్ | బాగుంటుంది, ఎక్కువ గేర్లున్నవాటిలో అప్పుడప్పుడు వెతుకులాట | మంచిది | చాలా మంచిది | బాగా తట్టుకుంటుంది |
| సీవీటీ (మెట్లు లేని బెల్టు రకం) | మెత్తగా, కాస్త ఆలస్యంగా | చాలా మంచిది | మంచిది | ఫర్వాలేదు, ఎత్తులో భారమైతే జాగ్రత్త |
| డీసీటీ (రెండు క్లచ్‌ల రకం), ఆయిల్ క్లచ్ | గేరు ఊహ సరైతే వేగం, తప్పితే ఆలస్యం | మధ్యస్థం | మధ్యస్థం | మంచిది |
| డీసీటీ, డ్రై క్లచ్ | పై రకం లాగే, ఇంకాస్త కుదుపు | తక్కువ | తక్కువ | బలహీనం |
| ఏఎంటీ (మోటార్లు గేరు మార్చే మాన్యువల్) | అన్నిటికంటే ఆలస్యం | మధ్యస్థం | తక్కువ | బలహీనం |
| హైబ్రిడ్, తక్కువ వేగంలో మోటారుతో నడిచేది | దాదాపు వెంటనే | చాలా మంచిది | చాలా మంచిది | బాగా తట్టుకుంటుంది |
| ఎలక్ట్రిక్ | వెంటనే | చాలా మంచిది | సెట్టింగ్‌ని బట్టి | బాగా తట్టుకుంటుంది |

ఒకే రకంలో కూడా కంపెనీకి కంపెనీకి తేడా ఉంటుంది. ఈ పట్టికతో జాబితాను కుదించుకోవచ్చు, చివరి మాట మాత్రం నడిపి చూశాకే.

## టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్

ఇందులో ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్ పనిచేస్తుంది. ఇంజన్ వైపు రెక్కలు ఆయిల్‌ని తోస్తాయి, ఆ తోపుకు అవతలి రెక్కలు తిరుగుతాయి. ఇక్కడ జారుడు సహజం, దానివల్ల ఏదీ అరగదు. పైగా బయల్దేరే క్షణంలో ఇంజన్ టార్క్‌ని దాదాపు రెండింతలు చేస్తుంది. డ్రైవ్‌లో ఉన్నంతసేపూ చక్రాలకీ ఇంజన్‌కీ లంకె తెగకపోవడం వల్ల ఆగీ ఆగని వేగంలో ఇది సహజంగానే ముందుంటుంది.

మరి కొత్త కార్లలో ఇదీ ఎందుకు తడబడుతోంది? మైలేజీ కోసం చేసిన మార్పులే కారణం. ఆయిల్ జారుడులో శక్తి వృథా అవుతుందని రెండు వైపుల రెక్కలనూ నేరుగా బిగించే లాకప్ క్లచ్‌ని వీలైనంత తక్కువ వేగం దాకా మూసే ఉంచుతున్నారు. మీరు హఠాత్తుగా కాలు వేస్తే ముందు అది తెరుచుకోవాలి. రెండోది గేర్ల సంఖ్య. నాలుగు గేర్ల పాత బాక్సు ఆగేలోపు రెండు మూడు మెట్లు దిగేది, ఎనిమిది నుంచి పది గేర్లున్నది అంతకు రెట్టింపు దిగాలి, కనుక మధ్యలో దొరికిపోయే అవకాశమూ రెట్టింపు. మూడోది, కొన్ని బాక్సులు బ్రేకు నొక్కి ఆగి ఉన్నప్పుడు ఇంధనం ఆదా కోసం లోపలి క్లచ్‌ని వదిలేస్తాయి. బ్రేకు తీయగానే అది మళ్లీ పట్టాలి. నాలుగోది, కొన్ని మెర్సిడెస్ బాక్సులు కంఫర్ట్ మోడ్‌లో రెండో గేరులోనే బయల్దేరతాయి.

ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌తో చక్కబడేవే. గేర్‌బాక్స్‌లు తయారుచేసే జడ్‌ఎఫ్ కంపెనీది, 2009లో బీఎండబ్ల్యూలో వచ్చిన ఎనిమిది గేర్ల బాక్సు మెట్లన్నీ దిగకుండా నేరుగా కింది గేరుకి దూకగలదు, అందుకే దానికి అంత పేరు. అదే జడ్‌ఎఫ్ తొమ్మిది గేర్ల బాక్సు జీప్ చెరోకీలో వచ్చిన తొలి ఏడాదుల్లో తడబాటు ఫిర్యాదులు తెచ్చుకుంది, తర్వాత వరస సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లతో కుదుటపడింది. గేర్లు ఎక్కువుంటే మేలన్న నమ్మకం ఈ వేగంలో పనికిరాదు. బాగా ట్యూన్ చేసిన ఆరు గేర్ల బాక్సు ఇక్కడ తొమ్మిది గేర్లదాన్ని సులువుగా మించుతుంది.

## సీవీటీ

సీవీటీలో మెట్లు లేవు కాబట్టి 'ఏ గేరు' అన్న తర్జనభర్జనా లేదు. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు లేదా చెయిన్ పైకీ కిందకీ జరుగుతూ నిష్పత్తి మార్చుకుంటుంది. ఒకే తీరుగా నొక్కితే ఒకే తీరుగా స్పందిస్తుంది. నిలకడ విషయంలో పెట్రోల్ ఆటోమేటిక్‌లలో దీనికే ఎక్కువ మార్కులు.

బలహీనత ఒకటుంది. పుల్లీలు తిరుగుతుంటేనే బెల్టు జరగగలదు. మెల్లగా బ్రేకు వేస్తే ఆగేలోపు అది అతి తక్కువ నిష్పత్తికి, అంటే బయల్దేరే స్థితికి చేరుకుంటుంది. గట్టిగా బ్రేకు కొట్టి పదికి దించి వెంటనే లాగమంటే బెల్టు ఇంకా పై నిష్పత్తిలోనే ఉండిపోతుంది. బండి మూడో గేరులో బయల్దేరినట్టు మొద్దుగా కదులుతుంది. దానికితోడు బెల్టు జారకుండా పుల్లీలు ముందు ఆయిల్ ఒత్తిడితో బిగుసుకోవాలి, ఆ తర్వాతే ఇంజన్ శక్తిని పెంచుతారు. ఈ లోపాన్ని దాటడానికే టయోటా 2018లో ప్రకటించిన డైరెక్ట్ షిఫ్ట్ సీవీటీలో బయల్దేరడానికి విడిగా ఒక గేరు పెట్టింది. గేర్‌బాక్స్ కంపెనీ జాట్కో తయారీ సీవీటీల్లో కొన్నిటికి రెండు వేగాల అదనపు గేరు ఉంటుంది. సీవీటీ వైపు మొగ్గితే ఇలాంటి ఏర్పాటు ఉందో లేదో అడిగి తెలుసుకోండి, నడిపినప్పుడు తేడా తెలుస్తుంది.

## డీసీటీ: ఇక్కడే జాగ్రత్తగా చదవండి

టెస్ట్ డ్రైవ్‌లో మనసు దోచేదీ, ట్రాఫిక్‌లో విసిగించేదీ ఇదే. బేసి గేర్లకి ఒక క్లచ్, సరి గేర్లకి ఇంకో క్లచ్. మూడులో నడుస్తుండగానే నాలుగు సిద్ధంగా పెట్టుకుంటుంది. వేగం పెంచుతూ పోతుంటే తర్వాతి గేరు ఏదో ఊహించడం తేలిక, అందుకే మార్పు రెప్పపాటులో అయిపోతుంది. సాధారణ కార్లలో దీన్ని మొదట తెచ్చింది ఫోక్స్‌వ్యాగన్, 2003లో.

ఆగబోతున్నప్పుడు ఆ ఊహ తప్పుతుంది. పది కిలోమీటర్ల వేగంలో బండి రెండో గేరులో ఉంటుంది. ఆగుతారనుకుని పక్క షాఫ్ట్ మీద ఒకటో గేరు పెట్టి, రెండో గేరు క్లచ్‌ని వదలడం మొదలుపెడుతుంది. మీరు మెత్తగా నొక్కితే రెండునే మళ్లీ పట్టుకోవాలి, గట్టిగా నొక్కితే ఒకటికి మారాలి. మీ కాలు ఎంత లోతుకు వెళ్తుందో చూసి గానీ అది తేల్చుకోలేదు. తేల్చుకున్నాక కూడా క్లచ్‌ని ఠకీమని వదలలేదు, మాన్యువల్ కారులో మనం చేసినట్టే కాస్త జారనిచ్చి పట్టాలి. ఇవన్నీ కలిస్తేనే ఆ సెకను. ఈలోపు విసుగొచ్చి మీరు ఇంకా నొక్కి ఉంటారు, క్లచ్ పట్టేసరికి ఇంజన్ మీద శక్తి ఎక్కువై ఉంటుంది. దూకుడు పుట్టేది అక్కడే.

ఆయిల్ క్లచ్, డ్రై క్లచ్ మధ్య తేడా కాగితం మీద చిన్నదే, ట్రాఫిక్‌లో మాత్రం పెద్దది. ఆయిల్‌లో మునిగిన క్లచ్ జారినా ఆయిల్ వేడిని లాక్కుపోతుంది. అందుకే దాన్ని ఉదారంగా జారనిచ్చి మెత్తగా బయల్దేరేలా ట్యూన్ చేయగలరు. డ్రై క్లచ్‌కి గాలి తప్ప చల్లబరిచేది లేదు. వేడెక్కే కొద్దీ కంప్యూటర్ దాన్ని కాపాడుకోవడానికి జారుడు తగ్గించి తొందరగా పట్టేయిస్తుంది, ఫలితంగా కుదుపు. ఇంకా వేడెక్కితే హెచ్చరిక వేసి ఆగమంటుంది. చిన్న ఇంజన్లకి ఇచ్చేది సాధారణంగా ఈ రకమే: ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డ్రై రకం 250 న్యూటన్ మీటర్ల టార్క్ దాకానే. ఫోర్డ్ 2011–2016 మధ్య ఫియెస్టా, 2012–2016 మధ్య ఫోకస్‌లో పెట్టిన డ్రై డీసీటీ మీద ఫిర్యాదులు అమెరికాలో సామూహిక దావా దాకా వెళ్లాయి. అందులో వణుకు, తడబాటు ముఖ్యమైనవి.

హోండా తన అక్యూరా బ్రాండ్ 2015 టీఎల్‌ఎక్స్ కారులో ఎనిమిది గేర్ల డీసీటీకి టార్క్ కన్వర్టర్ జోడించింది. బయల్దేరేటప్పుడు ఆయిల్ మెత్తదనం, పైన డీసీటీ చురుకు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, డీసీటీ ఎక్కడ బలహీనమో దాన్ని తయారుచేసేవాళ్లకీ తెలుసనడానికి.

హైవే మీదే ఎక్కువ తిరిగేవాళ్లకి ఆయిల్ క్లచ్ డీసీటీ చక్కటి ఎంపిక. ఆయిల్ మార్పు మాత్రం వాయిదా వేయకూడదు. ఫోక్స్‌వ్యాగన్ ఆరు గేర్ల ఆయిల్ రకానికి 60,000 కి.మీ.కి ఒకసారి అని చెప్పారు. రోజూ గంటసేపు నత్తనడక ట్రాఫిక్ ఉంటే డ్రై రకం జోలికి వెళ్లకపోవడమే మంచిది.

## ఏఎంటీ

ఇది మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే కాలు, గేరు మార్చే చెయ్యి స్థానంలో మోటార్లు ఉంటాయి. క్లచ్ ఒక్కటే కాబట్టి గేరు మారినంతసేపూ చక్రాలకు శక్తి అందదు. ఆగబోతూ మనసు మార్చుకుంటే క్లచ్ విడవాలి, గేరు పడాలి, మళ్లీ క్లచ్ పట్టాలి. సెకను మామూలే, ఒక్కోసారి ఇంకాస్త.

అయితే దీని తడబాటు దాగి ఉండదు, కారణం కళ్ల ముందే ఉంటుంది. మాన్యువల్ నడిపినవారు త్వరగా పట్టు సాధిస్తారు: జంక్షన్‌కి ముందే లివర్‌ని మాన్యువల్‌లోకి తోసి రెండు లేదా ఒకటి పెట్టేసుకుంటే వెతుకులాట సగానికి తగ్గుతుంది. ధర, మైలేజీ, మరమ్మతు ఖర్చు దీని వైపున్నాయి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటు ఉంటే మాత్రం క్లచ్ త్వరగా పోతుంది, బ్రేకుతోనే ఆపాలి.

## హైబ్రిడ్, ఎలక్ట్రిక్

హైబ్రిడ్ అన్న పేరు మీద రెండు వేరు వేరు వస్తువులు అమ్ముతున్నారు. 1997 ప్రియస్ నుంచి టయోటా వాడుతున్న పద్ధతిలో రెండు మోటార్లు, ఇంజన్ ఒకే ప్లానెటరీ గేరుకి అమర్చి ఉంటాయి. మార్చే గేర్లు లేవు, బయల్దేరేందుకు క్లచ్ లేదు. తక్కువ వేగంలో చక్రాలను తిప్పేది ప్రధానంగా మోటారే. హోండా రెండు మోటార్ల పద్ధతి, 2016లో వచ్చిన నిస్సాన్ ఈ-పవర్ కూడా తక్కువ వేగంలో మోటారుతోనే నడుస్తాయి. ఈ సమస్యకి పెట్రోల్ బంకు వదలకుండా దొరికే ఉత్తమ జవాబు ఇవే. ఆగబోయేముందు బ్రేకు పని మోటారు నుంచి మామూలు బ్రేకులకు చేతులు మారుతుంది, ఆ క్షణం కాలికి చిన్న తేడా తెలుస్తుంది తప్ప లాగడంలో ఆలస్యం ఉండదు.

రెండో రకంలో మామూలు గేర్‌బాక్స్ ముందు ఒక మోటారు ఇరికిస్తారు. గేర్లు మెట్లు దిగడం, ఇంజన్ క్లచ్ పట్టడం అలాగే ఉంటాయి. చురుకైన మోటారు కాస్త కప్పిపుచ్చుతుంది, పూర్తిగా కాదు. ఇక 'మైల్డ్ హైబ్రిడ్' అంటే ఇంజన్‌ని మెత్తగా తిరిగి స్టార్ట్ చేసే పెద్ద స్టార్టర్ అనుకోండి. గేర్‌బాక్స్ తడబాటు దానితో పోదు.

ఎలక్ట్రిక్ కారులో చాలావరకు ఒకే గేరు, సున్నా వేగం నుంచే పూర్తి టార్క్. అయినా కొన్ని మందంగా అనిపిస్తాయి, అది ఈకో మోడ్ పెడల్ సెట్టింగ్ వల్ల, లేదా ఆ పళ్ల సందుని మెల్లగా దాటించడం వల్ల. మోడ్ మార్చి చూడండి. ఒకే పెడల్‌తో నడిపే సెట్టింగ్‌లో కాలు ఒక పెడల్ నుంచి ఇంకోదానికి మారే సమయం కూడా ఆదా అవుతుంది. మారే కాలికి పట్టే సమయం గేర్‌బాక్స్ ఆలస్యానికి ఏమీ తీసిపోదు.

## గేర్‌బాక్స్ మీదకే నెట్టకూడనివి

చిన్న టర్బో ఇంజన్లకి సుమారు 1500 ఆర్‌పీఎం లోపు బూస్ట్ ఉండదు. మంచి గేర్‌బాక్స్ కూడా ఒక లీటరు టర్బోతో 1100 ఆర్‌పీఎంలో చిక్కితే చేసేదేమీ లేదు. అదే గేర్‌బాక్స్‌తో టర్బో లేని పెద్ద ఇంజన్ ఎంపిక ఉంటే, కాగితం మీద టార్క్ తక్కువైనా ఈ వేగంలో అదే నయం.

స్టార్ట్-స్టాప్ ఇంకో దొంగ. కొన్ని కార్లు పూర్తిగా ఆగకముందే ఇంజన్ ఆర్పేస్తాయి. మీరు అడిగేసరికి ముందు ఇంజన్ స్టార్ట్ కావాలి. బటన్ నొక్కి ఆపి చూస్తే తేలిపోతుంది. ఆగిన బండిని తానే బ్రేకు మీద పట్టి ఉంచే ఆటో హోల్డ్, బండి పూర్తిగా ఆగాకే పడుతుంది, కానీ రెప్పపాటు ఆగినా బ్రేకు పట్టేసి, టార్క్ తగినంత వచ్చాకే వదులుతుంది. రెండు కాళ్లతో నడిపేవారికి మరొకటి: బ్రేకు కాస్త తగిలి ఉండగా యాక్సిలరేటర్ నొక్కితే భద్రత కోసం చాలా కార్లు ఇంజన్ శక్తిని కోసేస్తాయి. చక్రాలు తిప్పి ఇసుక మీద, తడి మీద లాగితే చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా అదే చేస్తుంది. డాష్‌బోర్డు మీద ఆ దీపం మినుకుమంటుందేమో చూడండి.

## ఎవరికి ఏది

నత్తనడక ట్రాఫిక్ ఎక్కువ, ఇంట్లో ఛార్జింగ్ వీలుంది: ఎలక్ట్రిక్. వీలు లేదు: మొదటి రకం హైబ్రిడ్ (తక్కువ వేగంలో మోటారుతో నడిచేది). అది బడ్జెట్ దాటితే టార్క్ కన్వర్టర్ లేదా సీవీటీ. వీటి మధ్య తేల్చుకోవాలంటే, ఎత్తులూ నిండా మనుషులూ ఉంటే టార్క్ కన్వర్టర్, చదునైన రోడ్లూ నెమ్మదైన కాలూ ఉంటే సీవీటీ.

కొత్తగా నడపడం నేర్చుకున్నవారికి, వయసు పైబడినవారికి నిలకడ అన్నిటికంటే ముఖ్యం. హఠాత్తుగా దూకే బండి వాళ్లని ఇంకా భయపెడుతుంది. వాళ్లకి డ్రై డీసీటీ, ఏఎంటీ రెండూ వద్దు. బడ్జెట్ ఏఎంటీ దగ్గరే ఆగితే, మాన్యువల్ నడపగలిగితే, మాన్యువల్ కూడా ఎంపికే అన్నది మరవద్దు. అక్కడ గేరు ఊహించేది మీరే.

వేగంగా నడపడం ఇష్టం, ట్రాఫిక్ తక్కువ అన్నవాళ్లకి ఆయిల్ క్లచ్ డీసీటీ ఆనందం ఇస్తుంది, ట్రాఫిక్‌లో దాని నసని భరించే ఓపిక ఉండాలి.

## టెస్ట్ డ్రైవ్‌లో ఏం చేయాలి

సేల్స్‌మన్ తీసుకెళ్లే ఖాళీ రోడ్డు మీద వంద తొక్కి వచ్చేస్తే ఏమీ తెలియదు. బండిని ఇరవై నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి. ముందూ వెనకా ఎవరూ లేని చదును రోడ్డు చూసుకోండి.

1. 40 నుంచి మెత్తగా బ్రేకు వేసి 10కి దించి, వెంటనే పెడల్‌ని మూడో వంతు నొక్కండి.
2. అదే గట్టిగా బ్రేకు వేసి. సీవీటీ బలహీనత ఇక్కడ బయటపడుతుంది.
3. 5కి దించి, పెడల్‌ని అతి కొద్దిగా మాత్రమే నొక్కండి. డీసీటీ, ఏఎంటీ కుదుపు ఇక్కడే.
4. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, అదే పని.
5. ర్యాంప్ మీద ఆగి, అంగుళం అంగుళం ఎక్కించి చూడండి.
6. ఏసీ వేసి, స్టార్ట్-స్టాప్ ఆన్‌లో ఉంచి, మళ్లీ మొదటిది.

ప్రతిదీ మూడు నాలుగు సార్లు చేయండి, ఎందుకంటే మీరు వెతుకుతున్నది సగటు కాదు, ఎప్పుడో ఒకసారి వచ్చే ఆ చెడ్డ స్పందన. పక్కన కూర్చున్నవారు మీటర్లని ఫోన్‌తో వీడియో తీస్తే ఇంకా మంచిది. పెడల్ నొక్కే క్షణంలో మీరు 'ఇప్పుడు' అనండి. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము సుమారు 33 మిల్లీ సెకన్లు. ఆ మాటకీ ముల్లు లేవడానికీ, ముల్లు లేవడానికీ వేగం పెరగడానికీ మధ్య ఫ్రేములు లెక్కిస్తే రెండు కార్ల మధ్య వాదన అక్కడికక్కడే తేలుతుంది. మీరు మాట అనడంలో కాస్త అటూ ఇటూ అవుతుంది, కాబట్టి రెండు మూడు ఫ్రేముల తేడాని పట్టించుకోవద్దు.

## ఇప్పటికే కొనేసినవాళ్లకి

ఖర్చు లేనివాటితో మొదలుపెట్టండి. బ్రేకు మీద నుంచి కాలు అర సెకను ముందే తీసి, యాక్సిలరేటర్‌ని తాకీ తాకనట్టు ఆనించండి. గేర్‌బాక్స్‌కి సంకేతం అందుతుంది, క్లచ్ పట్టాక మిగతాది నొక్కండి. తడబాటులో గణనీయమైన భాగం ఇంతటితోనే పోతుంది. ఆగడమో, పదిహేను పైన ఉండటమో ముందే నిర్ణయించుకోవడం రెండో చిట్కా.

జంక్షన్లు ఎక్కువున్న దారిలో స్పోర్ట్ మోడ్ వాడితే గేర్లు ముందే దిగి ఉంటాయి, ఇంజన్ కాస్త ఎక్కువ ఆర్‌పీఎంలో ఉంటుంది. పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. స్టీరింగ్ వెనక గేరు మార్చే ప్యాడిల్స్ ఉంటే ఆ ఒక్క మలుపు ముందు రెండో గేరు లాగడం ఇంతకంటే చవక.

పెడల్ వైరు మధ్యలో తగిలించే 'థ్రాటిల్ బూస్టర్' పెట్టెలు కొనొద్దు. అవి మీరు 20 శాతం నొక్కితే 40 శాతం అని కంప్యూటర్‌కి అబద్ధం చెబుతాయి, అంతే. క్లచ్ పట్టే సమయం మిల్లీ సెకను కూడా తగ్గదు. ఆలస్యం అలాగే ఉండి, దాని వెనకాల వచ్చే దూకుడు రెట్టింపవుతుంది. పెడల్ సెట్టింగే మందంగా ఉన్న ఎలక్ట్రిక్ కారుకో, టార్క్ కన్వర్టర్ బండికో కొంత బాగున్నట్టు అనిపించవచ్చు, కానీ ఆ పని ఉచితంగా స్పోర్ట్ మోడ్ చేస్తుంది. వారంటీ వివాదం అదనం.

వర్క్‌షాప్‌లో అడగాల్సినవి వరసగా: గేర్‌బాక్స్, ఇంజన్ కంప్యూటర్లకి కొత్త సాఫ్ట్‌వేర్ ఉందా, డీసీటీ, ఏఎంటీ అయితే క్లచ్ పట్టే స్థానాన్ని స్కానర్‌తో మళ్లీ నేర్పించడం, థ్రాటిల్ బాడీలో మసి ఉంటే శుభ్రం చేసి ఐడిల్ మళ్లీ సెట్ చేయడం, ఆ తర్వాత ఆయిల్. 'జీవితాంతం మార్చక్కర్లేదు' అన్న మాటను నమ్మొద్దు, జడ్‌ఎఫ్ తానే తన ఆటోమేటిక్ బాక్సులకి 80,000 నుంచి 1,20,000 కి.మీ. లేదా 8 ఏళ్లు అని చెబుతుంది. సీవీటీలో ఆ బాక్సుకి చెప్పిన ఆయిలే పోయాలి, మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు జారుతుంది. ఏ బాక్సైనా ఆయిల్ మట్టాన్ని కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గరే చూడాలి. బ్యాటరీ తీసి పెట్టిన తర్వాత కొన్ని రోజులు స్పందన వింతగా ఉంటే కంగారు పడొద్దు, నేర్చుకున్న విలువలు చెరిగి మళ్లీ నేర్చుకుంటోంది.

కొత్తలో లేని తడబాటు ఇప్పుడు వచ్చిందంటే అది డిజైన్ కాదు, లోపం. పార్క్ నుంచి డ్రైవ్ లేదా రివర్స్ వేశాక గేరు పట్టడానికి సెకనున్నర దాటడం, గేరు మారేటప్పుడు ముల్లు పైకి ఎగిరి దిగడం, కాలిన వాసన, వేడెక్కాక మాత్రమే వణుకు, ఇవేవైనా ఉంటే వెంటనే చూపించండి. ఇంకా అనుమానమైతే అదే మోడల్ ఇంకో బండిని పక్కన పెట్టి నడిపి చూడమని అడగండి. రెండూ ఒకేలా ఉంటే పార్టులు మార్చినా ప్రయోజనం ఉండదు.

ఫిర్యాదు రాసేటప్పుడు 'పికప్ లేదు' అని రాయకండి. ఇలా రాయండి: 'బండి వేడెక్కాక, 40 నుంచి 10 కి.మీ.కి దించి, పెడల్ మూడో వంతు నొక్కితే, ఆర్‌పీఎం వెంటనే లేస్తోంది, బండి సెకను తర్వాత కుదుపుతో కదులుతోంది, ఐదుసార్లలో రెండుసార్లు, స్టార్ట్-స్టాప్ ఆపినా అంతే.' వీడియో జత చేసి, టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడిపి చూపించండి.